అంజమ్మ కొట్టులో పంది రూపాయి

“భూతద్దాన్ని బిళ్ల మీద పెట్టడం కాదు. కంటికి ఆనించుకో. బిళ్లని దగ్గరికి తెచ్చుకో,” అన్నాడు గఫార్ తాత.

దేవిక ఎడమ కన్ను మూసింది. భూతద్దం కుడి కంటికి ఆనించింది. వెండి రూపాయిని అంచుల దగ్గర మాత్రమే పట్టుకుని మెల్లగా పైకెత్తింది. మసగ్గా ఉన్నదంతా ఒక్కసారిగా విచ్చుకుంది.

“గడ్డం! ఒక్కో వెంట్రుకా కనిపిస్తోంది తాతా!”

“నాకు, నాకు!” అంటూ రబియా పక్కనుంచి తల దూర్చింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ రబియా వాళ్ల వసారాలో చాప మీద కూర్చున్నారు. వాళ్లది గురజాల. ఇద్దరూ ఆరో తరగతి, ఒకే బెంచీ. రబియా వాళ్ల దాదా అబ్దుల్ గఫార్ ఆర్టీసీలో ముప్ఫై ఏళ్లు కండక్టరుగా చేశాడు. మాచర్ల బస్సు, కారంపూడి బస్సు, నరసరావుపేట బస్సు, అన్నీ తిరిగాడు. ఆ రోజుల్లో ముసలివాళ్లు ఎవరో ఒకరు చిల్లరలో కలిపి పాత బ్రిటిష్ కాలం బిళ్ల ఇచ్చేవాళ్లు. ఆయన టికెట్టు డబ్బులు తన జేబులోంచి వేసి, ఆ బిళ్ల దాచుకునేవాడు. అలా దాచినవి ఇప్పుడు నాలుగు ఆల్బముల నిండా ఉన్నాయి.

దేవిక దగ్గర మాత్రం ఒకటే ఒకటి ఉంది. పోయిన పుట్టినరోజుకి గఫార్ తాతే ఇచ్చాడు. 1918 నాటి వెండి రూపాయి. దాన్ని దేవిక స్కూలుకీ తీసుకెళ్తుంది, పెళ్లిళ్లకీ తీసుకెళ్తుంది.

“ఇప్పుడు ఏనుగు ఎక్కడుందో చెప్పు,” అన్నాడు తాత.

“ఏనుగా? రాజు కదా ఉంది!”

“రాజుగారి అంగీ మీద చూడు.”

దేవిక వెతికింది. కిరీటం, చెవి, గడ్డం, భుజం... అంగీ మీద బియ్యపు గింజంత ఏనుగు! పొడుగాటి తొండం కూడా ఉంది.

“దొరికింది!”

“ఆ తొండానికి పెద్ద కథ ఉంది,” అన్నాడు తాత. “ఈ రాజు పేరు ఐదో జార్జి. 1911లో ఈయన బొమ్మతో మొదటిసారి రూపాయి అచ్చేశారు. అప్పుడు తొండం పొట్టిగా వచ్చింది. చూసినోళ్లకి అది ఏనుగులా కనపళ్లా. పందిలా కనపడింది.”

పిల్లలిద్దరూ పకపకా నవ్వారు.

“మీకు నవ్వుగా ఉంది గానీ అప్పుడు పెద్ద గోలయింది. పంది బొమ్మున్న రూపాయి మేం ముట్టుకోం అన్నారు జనం. సర్కారు గబగబా వెనక్కి తీసుకుని చానావరకు కరిగించేసింది. మరుసటేడు తొండం పొడుగు చేసి మళ్లీ అచ్చేసింది. కరిగించకుండా మిగిలినవి కొన్నే. వాటిని పంది రూపాయి అంటారు.”

“నీ దగ్గరుందా దాదా?” అడిగింది రబియా.

“లేదమ్మా. ముప్ఫై ఏళ్లు రోజూ చిల్లర సంచీలో వెతికా. గుంటూరులో ఒకాయన దగ్గర చూశా. వేలల్లో చెప్పాడు. చూసి, మళ్లీ ఆయన చేతిలోనే పెట్టేసి వచ్చా.”

ఆయన నవ్వాడు గానీ, ఆ నవ్వులో కొంచెం దిగులు ఉంది. దేవికకి అది కనిపించింది.

ఇంటికి రాగానే అమ్మ వంటింట్లోంచి కేకేసింది.

“దేవికా, తేజ గాడికి దగ్గు తగ్గలా. అంజమ్మ కొట్టుకి పోయి తులం శొంఠి, తులం పిప్పళ్లు పట్రా.”

అంజమ్మ అవ్వ కొట్టు బస్టాండు దారిలో ఉంది. రెండు తలుపుల వెడల్పు, అంతే. లోపల మాత్రం లేనిది లేదు. కరక్కాయ, అతిమధురం, వాము, సాంబ్రాణి, ఇంకా పేరు తెలియని వేర్లు డబ్బాల్లో నిండి ఉంటాయి. గుమ్మం దగ్గర నిలబడితేనే ఘాటు ముక్కుకెక్కుతుంది.

“ఏందే, అన్నపూర్ణ కూతురా? ఎవరికి దగ్గు?” అంది అంజమ్మ. ఆమెకి డెబ్భై దాటాయి. కళ్లజోడు ఊడిపోకుండా దారంతో చెవులకి కట్టుకుంటుంది.

“తమ్ముడికి అవ్వా. తులం శొంఠి, తులం పిప్పళ్లు.”

అంజమ్మ చిన్న త్రాసు తీసింది. ఒక పళ్లెంలో శొంఠి కొమ్ములు పెట్టింది. రెండో పళ్లెంలో గుండ్రటి నల్ల బిళ్ల ఒకటి వేసింది. టంగుమంది.

దేవిక చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆ చప్పుడు ఆమెకి బాగా తెలుసు.

“అవ్వా, అది రూపాయి బిళ్లా?”

“ఆఁ. వెండి రూపాయి ఎత్తు సరిగ్గా తులం. మా అత్త కాలం నుంచీ తులానికి ఇదే రాయి.”

“ఒక్కసారి చూస్తా అవ్వా.”

అంజమ్మ బిళ్ల అందించింది. బాగా నల్లబడింది. అయినా అక్షరాలు నిలబడే ఉన్నాయి. దేవిక వెనక్కి తిప్పింది. తీగలు, పువ్వులు, కింద అంకెలు.

1911.

దేవిక గబుక్కున ముందుకి తిప్పింది. అదే రాజు, అదే గడ్డం. బిళ్లని వెలుతురులోకి వంచింది. అంగీ మీద బియ్యపు గింజంత బొమ్మ. తొండం ఏది? పొట్టిగా, మూతిలా ఉంది.

పంది! పంది రూపాయి! ముప్ఫై ఏళ్లు గఫార్ తాతకి దొరకనిది గురజాలలోనే శొంఠి తూస్తోంది!

‘అవ్వా, ఇదేందో తెలుసా!’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగింది.

చెబితే అవ్వ ఇవ్వదు. చెప్పకపోతే?

దేవిక చెయ్యి తనంతట తానే జేబులోకి పోయింది. 1918 రూపాయి బయటికి వచ్చింది. దాన్ని తను మెత్తటి గుడ్డలో పెట్టుకుంటుంది కాబట్టి తెల్లగా మెరుస్తోంది.

“అవ్వా, నీది నల్లగా అయిపోయింది కదా. నా దగ్గర మెరిసేది ఉంది. మార్చుకుందామా?”

“నల్లదాంతో నీకేం పనే?”

“నాకు... పాతవి ఇష్టం అవ్వా.”

అబద్ధం కాదు. కానీ నిజమంతా కూడా కాదు.

అంజమ్మ రెండు బిళ్లల్నీ రెండు పళ్లేల్లో వేసింది. త్రాసు కాసేపు ఊగి ఆగింది. ముల్లు నిటారుగా నిలబడింది.

“సరిపోయింది. తీసుకో. నాకా నల్లది చీకట్లో కనపడి చావదు. మంచిపిల్లవే నువ్వు.” అంజమ్మ పటికబెల్లం ముక్క ఒకటి తీసి దేవిక చేతిలో పెట్టింది. “దీనికి డబ్బులొద్దులే.”

దేవిక పొట్లాలు పట్టుకుని పరుగు తీసింది. ‘రూపాయికి రూపాయి. తూకానికి తూకం. అవ్వకేం నష్టం?’ అనుకుంది. దారంతా అదే అనుకుంటూ పోయింది. పటికబెల్లం నోట్లో వేసుకుంది గానీ, ఎప్పుడు కరిగిపోయిందో కూడా తెలియలేదు.

శొంఠి ఇంట్లో పడేసి, నేరుగా రబియా వాళ్లింటికి ఉరికింది.

“తాతా! కళ్లు మూసుకో! చెయ్యి చాపు!”

గఫార్ తాత చెయ్యి చాపాడు. బిళ్ల అరచేతిలో పడింది. ఆయన కళ్లు తెరిచి, అంకెలు చూసి, మాట్లాడకుండా లేచి నిలబడ్డాడు.

“రబియా, భూతద్దం తే! అయస్కాంతం కూడా!”

అయస్కాంతం అంటుకోలేదు. “ఇనుము కలవలా,” అన్నాడు తాత. బిళ్లని వేలి కొన మీద నిలబెట్టి, గోరుతో తట్టాడు. సన్నగా, చాలాసేపు మోగింది. చిన్న కరెంటు కాటా మీద పెడితే పదకొండున్నర గ్రాములు దాటింది. వెనక వైపు అడుగున ఉన్న పువ్వు కింద భూతద్దంతో వెతికాడు.

“చుక్క ఉంది! ఇది బొంబాయి టంకసాలలో అచ్చయింది. చుక్క లేకపోతే కలకత్తా.” ఆయన భూతద్దం పక్కన పెట్టేశాడు. “అసలుదే. ఒరేయ్ పిల్లలూ, అసలుదేరా!”

రబియా గెంతింది. దేవిక గెంతింది. ఇద్దరూ చేతులు పట్టుకుని వసారా అంతా గిరగిరా తిరిగారు.

తాత గూట్లోంచి మందపాటి నోటు పుస్తకం తీశాడు. అందులో ఆయన దగ్గరున్న ప్రతి బిళ్లకీ ఒక వరస ఉంది. ఏ సంవత్సరం, ఏ టంకసాల, ఎంత బరువు. చివరి గడిలో, ఎవరి దగ్గర్నుంచి ఎలా వచ్చింది.

“నీ పేరుతో కొత్త పేజీ పెడదాం,” అన్నాడు. పెన్ను మూత తీసి, మూడు గడులూ చకచకా నింపాడు. “ఆఁ, చెప్పు. ఎవరిచ్చారు?”

“అంజమ్మ అవ్వ. మూలికల కొట్టు.”

“ఊరికే ఇచ్చిందా?”

“లేదు. నా రూపాయి ఇచ్చి మార్చుకున్నా.”

“మంచిది. ఇది పంది రూపాయని చెప్పగానే ఆమె ఏమంది?”

దేవిక నోటు పుస్తకం వైపు చూసింది. నాలుగో గడి తెల్లగా ఉంది.

“ఏమే, చెప్పవే! అవ్వ ఏమంది?” అని రబియా ఆత్రంగా భుజం కుదిపింది.

“చెప్పలేదు,” అంది దేవిక. గొంతు ఆమెకే వినపడలేదు.

రబియా దేవిక భుజం వదిలేసింది. తాత పెన్ను మూత పెట్టాడు. పుస్తకం వెనక్కి తిప్పి ఒక పాత పేజీ తీశాడు. అక్కడ కూడా ఒక వరసలో నాలుగో గడి ఖాళీ.

“ఇది విక్టోరియా రాణి అర్ధ రూపాయి,” అన్నాడు మెల్లగా. “కారంపూడిలో ఒక పెద్దాయన బస్సెక్కి, మామూలు అర్ధ రూపాయి అనుకుని ఇచ్చాడు. ఆయనకి చూపు ఆనదు. నాకు తెలిసిపోయింది. టికెట్టు కొట్టి, బిళ్ల జేబులో వేసుకున్నా. మరుసటి రోజు చెబుదాం అనుకున్నా. ఆ పెద్దాయన మళ్లీ నా బస్సు ఎక్కలేదు.”

“నాకెప్పుడూ చెప్పలేదే దాదా,” అంది రబియా.

“ఎవరికీ చెప్పలా.”

ఆయన పంది రూపాయిని చిన్న కాగితం కవరులో పెట్టి, దేవిక చేతికిచ్చాడు. ఆపైన భూతద్దం కూడా ఇచ్చాడు. “ఇది కూడా ఉంచుకో, రేపు కావాల్సి వస్తుందేమో,” అన్నాడు. అంతే.

ఆ రాత్రి దేవిక అన్నం సగమే తింది.

పొద్దున్నే స్కూలుకి అరగంట ముందు బయల్దేరింది. అంజమ్మ కొట్టు మూసి ఉంది. తలుపుకి తాళం.

“అవ్వ పిడుగురాళ్ల పోయింది, సరుక్కి. సాయంత్రం వస్తది,” అని పక్కనున్న టీ కొట్టాయన చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. “నిన్న నీ గురించే చెప్పింది పాపా. ముసల్దానికి కనపడదని మెరిసే రూపాయి ఇచ్చిపోయిందంట గదా. నీలాంటి పిల్లలు ఎక్కడుంటారు?”

దేవిక తల వంచుకుని వెళ్లిపోయింది.

ఆ రోజు లెక్కల పీరియడు ఎంతకీ అవలేదు. సోషల్ పీరియడు ఇంకా పొడుగ్గా సాగింది. బ్యాగులో కవరు ఉందో లేదో అని పదిసార్లు తడిమి చూసుకుంది. రబియా దాని గురించి ఒక్క మాట కూడా ఎత్తలేదు. మధ్యాహ్నం తన డబ్బాలోంచి చపాతీ ఒకటి తీసి దేవిక డబ్బాలో పెట్టింది. సాయంత్రం గంట కొట్టగానే, “నేనూ వస్తా పద,” అంది.

కొట్టు తెరిచి ఉంది. అంజమ్మ కొత్త సరుకు డబ్బాల్లో పోస్తోంది.

“ఏందే, దగ్గు తగ్గలా?”

దేవిక కవరు తీసి, బల్ల మీద పెట్టింది.

“అవ్వా, ఇది నీ బిళ్ల. నేను తీసుకోకూడదు. ఇది మామూలు రూపాయి కాదు. దీన్ని పంది రూపాయి అంటారు. ఇలాంటివి చానా తక్కువ మిగిలాయి. నా రూపాయి లాంటివి నాలుగైదు పెట్టినా దీనికి సాటి రావు.”

అంజమ్మ చేతిలో డబ్బా కింద పెట్టింది.

“ఇది నీకెప్పుడు తెలిసింది?”

“నిన్ననే తెలుసు.”

“మార్చుకునే ముందా, తర్వాతా?”

‘తర్వాత’ అంటే ఎంత తేలిక!

“ముందే.”

అంజమ్మ కళ్లజోడు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది.

“బస్టాండు దాకా అందరికీ చెప్పానే నీ గురించి,” అంది.

దేవిక కళ్లలో నీళ్లు తిరిగాయి. “అందరికీ మళ్లీ చెప్పు అవ్వా. ఇట్లా చేసిందని చెప్పు.”

“చెప్తాలే. ఈ మాటా చెప్తా, ఇవాళ తెచ్చిచ్చిన మాటా చెప్తా.” అంజమ్మ కవరు దగ్గరికి లాక్కుంది. “అది సరే గానీ, పంది ఏందే? పందెక్కడుంది?”

దేవిక గబగబా కళ్లు తుడుచుకుని భూతద్దం తీసింది. “కంటికి ఆనించుకో అవ్వా. కళ్లజోడు తీసెయ్. ఇప్పుడు బిళ్లని దగ్గరికి తెచ్చుకో. రాజుగారి అంగీ మీద చూడు.”

అంజమ్మ చూసింది. నోరు తెరిచింది. తర్వాత కొట్టంతా అదిరిపోయేలా నవ్వింది.

“ఓయమ్మో! నిజంగా పందేనే! ఇప్పుడు తెలిసింది!”

“ఏం తెలిసింది అవ్వా?” పిల్లలిద్దరూ ఒకేసారి అడిగారు.

“మా అత్త ఈ బిళ్లని దేవుడి పళ్లెంలో పెట్టనిచ్చేది కాదే. పండక్కి ఇంట్లో ఉన్న వెండి రూపాయిలన్నీ కడిగి పూజలో పెట్టేది. ఇదొక్కటీ అంటు బిళ్ల, కొట్టులోనే ఉండనీ అనేది. ఎందుకత్తా అంటే, మా పెద్దోళ్లు చెప్పారు అనేది. ఆమెకీ తెలవదు. యాభై ఏళ్ల నుంచీ నాకూ తెలవదు!”

దేవిక బిళ్ల వైపు మళ్లీ చూసింది. గఫార్ తాత చెప్పిన గోల ఎక్కడో దూరాన జరిగిందనుకుంది. అది ఈ ఊళ్లో, ఈ కొట్టులోకి కూడా వచ్చింది!

“మా దాదాకి చెప్పాలి!” అని రబియా గెంతింది.

“మీ దాదా ఎవరే?”

“అబ్దుల్ గఫార్. కండక్టరు.”

“ఆ పొడుగాయనా! నా కరక్కాయ మూటకి ఎన్నిసార్లు లగేజీ టికెట్టు కొట్టాడో! రమ్మను. వచ్చి చూసుకుపొమ్మను. అమ్మేది లేదు గానీ, ఎంతసేపు కావాలంటే అంతసేపు చూసుకోమను.”

అంజమ్మ గల్లాపెట్టెలోంచి 1918 రూపాయి తీసి దేవిక చేతిలో పెట్టింది. “నీది నీకు. తులం రాయి కొత్తది కొనుక్కుంటా. పందితో శొంఠి తూచింది చాలు.”

ముగ్గురూ నవ్వారు. దేవిక బ్యాగు తగిలించుకుంది. అప్పుడు అంజమ్మ, “ఆగండే,” అంటూ పై అరలోంచి తుప్పు పట్టిన పాలపొడి డబ్బా దించి, బల్ల మీద బోర్లించింది.

గలగలా బిళ్లలు రాలాయి. పిల్లలిద్దరూ బల్ల మీదకి వంగిపోయారు.

“ఇవి చిల్లు కాణీలు అవ్వా. మధ్యలో బెజ్జం ఉంది చూడు. ఇవి చానామంది దగ్గర ఉంటాయి,” అంది దేవిక. “ఇది రాణి బొమ్మున్న రాగి కాణీ. ఇది కూడా దొరుకుతుంది. ఇది...”

ఆమె వేళ్లు ఆగిపోయాయి. చిటికెన వేలి గోరంత వెండి బిళ్ల. రాణి మొహం అరిగిపోయింది. వెనక 18 మాత్రం కనిపిస్తోంది. మిగతా రెండు అంకెలూ చెరిగిపోయాయి. భూతద్దంతో ఎటు తిప్పినా చదవడం కుదరలేదు.

“ఏందది? మంచిదా?” అడిగింది అంజమ్మ.

“తెలీదు అవ్వా. సంవత్సరాన్ని బట్టి మామూలుదైనా కావచ్చు, గొప్పదైనా కావచ్చు.”

“అయితే పట్టుకుపో. మీ తాతకి చూపించుకుని నిదానంగా తెద్దువు గానీ.”

బిళ్ల దేవిక అరచేతిలోనే ఉంది. జేబులో వేసుకుంటే చాలు.

ఆమె దాన్ని బల్ల మీద పెట్టింది.

“ఇది నీ దగ్గరే ఉండనీ అవ్వా.”

బ్యాగులోంచి నోటు పుస్తకం తీసి, ఒక తెల్ల కాగితం చింపింది. బిళ్ల మీద కాగితం పరిచింది. రబియా అంచులు కదలకుండా నొక్కిపట్టుకుంది. దేవిక పెన్సిలు పక్కకి వంచి, మెల్లగా అటూ ఇటూ రుద్దింది. బూడిద రంగులో ఒక్కో గీతా పైకి తేలింది. ముందు తీగలు వచ్చాయి. తర్వాత 1. తర్వాత 8.

“వస్తోందే! వస్తోంది!” రబియా గొంతు కీచుమంది.

మూడో అంకె గుండ్రంగా తిరిగింది. “ఆరు!” ఇద్దరూ కలిసి అరిచారు. నాలుగో అంకె సగమే తేలింది. రెండో, ఏడో అర్థం కాలేదు.

“ఏది గొప్పది, రెండా ఏడా?” అంజమ్మ కూడా బల్ల మీదకి వంగింది.

“తాతని అడిగి వస్తాం. ఏదైనా సరే, మొదట నీకే చెప్తా అవ్వా. గొప్పదైతే గొప్పదనే చెప్తా!”

కాగితం నలగకుండా రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, దేవిక రోడ్డు మీదకి ఉరికింది. వెనకాలే రబియా. వెండి బిళ్ల బల్ల మీదే, అంజమ్మ ముందే ఉంది.